సూట్‌కేసులో ఆవకాయ సరే, మందుల చీటీ ఏదీ?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "ఏదైనా ఆరోగ్యం గురించి చెప్పండి డాక్టరుగారూ" అన్నారు. పొద్దున రిజిస్ట్రేషను బల్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. పలకరించినవాళ్ళలో సగం మంది చెప్పింది ఒకటే మాట. "పోయిన నెలే వచ్చాం అమెరికా నుంచి" అని కొందరు, "వచ్చే నెల వెళ్తున్నాం, అమ్మాయికి పురుడు" అని కొందరు. మనం చదువుకునే రోజుల్లో ఈ బడి నుంచి బెజవాడ వెళ్ళడమే ప్రయాణం. ఇప్పుడు మన పెరట్లో కరివేపాకు కోసి అట్లాంటాలో ఎండబెడుతున్నారు. కాబట్టి విదేశీ ప్రయాణంలో ఆరోగ్యం గురించే మాట్లాడతాను. సైన్సు మాస్టారు ఎదురుగానే ఉన్నారు, తప్పు చెబితే ఆపుతారు.

విదేశం అనగానే అక్కడేదో కొత్త రోగం అంటుకుంటుందని భయపడతాం. ముప్పై నాలుగేళ్ల ప్రాక్టీసులో నేను చూసింది వేరు. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళను ఇబ్బంది పెట్టినవి చాలావరకు ఇక్కణ్ణించి తీసుకెళ్ళిన జబ్బులే. అదే బీపీ, అదే షుగరు, అదే గుండె, అవే మోకాళ్ళు. ఇక్కడైతే సందు చివర మందుల షాపు అబ్బాయికి మన సంగతంతా తెలుసు. అక్కడ మన గురించి తెలిసినవాడు ఎవడూ లేడు. తేడా అంతా అక్కడే.

ముందు మందుల సంగతి. మీరేం మందులు వాడుతున్నారని అడిగితే "పొద్దున తెల్ల మాత్ర, రాత్రి గులాబీ రంగుది" అని చెప్పేవాళ్ళు నా దగ్గరకు రోజూ వస్తారు. వాళ్ళలో మన పాత లెక్కల టాపర్లు కూడా ఉన్నారు, పేర్లు చెప్పను. పర్వాలేదు, ఆ స్ట్రిప్పు చూస్తే నాకు తెలుస్తుంది. అమెరికాలో డాక్టరుకు మన కంపెనీ పేర్లు తెలియవు. మూలమందు పేరు కావాలి, ఎన్ని మిల్లీగ్రాములో కావాలి. ఇంకో చిక్కుంది. మన దగ్గర బీపీకి విరివిగా రాసే సిల్నిడిపిన్, షుగరుకు రాసే గ్లిక్లజైడ్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, వోగ్లిబోస్ అమెరికాలో అమ్మకంలోనే లేవు. అవి చెడ్డ మందులని కాదు, అక్కడ దొరకవంతే. మీ సంచీ పోయిందనుకోండి, అక్కడి డాక్టరు వేరే మందుకు మార్చాలి. మీరు ఏది ఎంత మోతాదులో వాడుతున్నారో, మీ బీపీ, షుగరు ఎంతలో ఉంటున్నాయో తెలియకుండా ఎలా మారుస్తాడు?

ఒకే మందుకు రెండు పేర్లున్నవి కూడా ఉన్నాయి. మన పారాసెటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. టైలెనాల్ అని అమ్మేది అదే. ఒళ్ళునొప్పులకు మన డోలో వేసుకుని, అల్లుడుగారు ప్రేమగా ఇచ్చిన టైలెనాల్ కూడా వేసుకుని, జలుబు చేసిందని రాత్రి ఇంకో జలుబు మందు తాగితే, చాలా జలుబు మందుల్లోనూ అదే ఉంటుంది కాబట్టి, ఒకటే మందును మూడు పేర్లతో మూడుసార్లు మింగినట్టు. పెద్దవాళ్ళకు కూడా రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. లివరుకు ప్రమాదం. ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్ అక్కడ ఆల్బ్యుటెరాల్ అవుతుంది. ఇంగ్లండు వెళ్తే షుగరు అంకె కూడా మారిపోతుంది. అక్కడ మీటరు 7 అని చూపిస్తే కంగారు పడకండి, దాన్ని 18తో గుణించుకోండి, మన లెక్కలో 126.

అందుకని ఒక కాగితం. ఒకే ఒక్క కాగితం. మీ పేరు, వయసు, ఉన్న జబ్బులు, జరిగిన ఆపరేషన్లు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మందుల మూలపేర్లు, మోతాదులు, కిందటిసారి చేయించిన పరీక్షల అంకెలు. ఇంగ్లీషులో, టైపు చేయించి, మీ డాక్టరు సంతకంతో. గుండె జబ్బు ఉంటే పాత ఈసీజీ జెరాక్సు దానికి జత చేయండి. కొత్త ఈసీజీలో కనిపించే మార్పు పాతదా ఇవాళ వచ్చిందా అని తేల్చడానికి ఆ ఒక్క కాగితం ఎంత పనికొస్తుందో చెప్పలేను. ఒక ప్రతి చేతిసంచీలో, ఒకటి భార్య లేదా భర్త దగ్గర, ఒక ఫోటో పిల్లల ఫోన్లో.

మందులు వాటి స్ట్రిప్పుల్లోనే, చీటీతో, చేతిసంచీలోనే పెట్టుకోవాలి. విమానం పొట్టలో వేసే పెద్ద పెట్టె ఒక్కోసారి మూడు రోజులు ఆలస్యంగా వస్తుంది, మీ షుగరు మూడు రోజులు ఆగదు. ఇన్సులిన్ అయితే అసలే అందులో పెట్టకూడదు, అక్కడి చలికి గడ్డకడితే పాడైపోతుంది. అమెరికాకు సొంత వాడకం కోసం సాధారణంగా 90 రోజులకు సరిపడా మందులు తీసుకెళ్ళవచ్చు. ఆరు నెలలు ఉండేవాళ్ళు ఆ తర్వాతి సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. ఇక్కడిలాగా చీటీ లేకుండా షాపుకెళ్ళి బీపీ మాత్రలో, యాంటీబయాటిక్ మాత్రలో అడిగితే అక్కడ ఇవ్వరు.

ఇక విమానం. గన్నవరం నుంచో శంషాబాదు నుంచో బయల్దేరి, దుబాయిలోనో దోహాలోనో మారి, ఇల్లు చేరేసరికి 24 గంటలు దాటుతుంది. విమానంలో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున ఉన్నంతే ఉంటుంది. అంటే దాదాపు ఊటీలో కూర్చున్నట్టు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఇబ్బంది లేదు. రక్తం బాగా తక్కువున్నవాళ్ళు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేవాళ్ళు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు మాత్రం టికెట్టు కొనకముందే డాక్టరును అడగాలి, కొన్నాక కాదు.

అసలు ప్రమాదం కదలకుండా కూర్చోవడంలో ఉంది. నాలుగు గంటలకు మించి కాళ్ళు వేలాడేసి కూర్చుంటే పిక్కల సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదకు వస్తుంది. మన మగవాళ్ళలో ప్రొస్టేటు ఉన్నవాళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసు. మాటిమాటికీ లేవాల్సొస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు. కిటికీ సీటులో కూర్చుని, పక్కనాయన్ని లేపడానికి మొహమాటపడి పది గంటలు బిగబట్టేస్తారు. నడవా పక్క సీటు అడగండి. నీళ్ళు తాగండి. గంటా రెండు గంటలకోసారి లేచి నడవండి, లేవలేనప్పుడు మడమలు ఎత్తి దించుతూ ఉండండి. నిద్రమాత్ర వేసుకుని పడుకోవడం మంచిది కాదు, అది మిమ్మల్ని కదలకుండా కట్టేస్తుంది. ఇదివరకు గడ్డకట్టినవాళ్ళు, ఈమధ్యే మోకాలు మార్పించుకున్నవాళ్ళు, క్యాన్సరుకు మందు వాడుతున్నవాళ్ళు బిగుతు మేజోళ్ళ గురించి, మందు గురించి డాక్టరుతోనే తేల్చుకోవాలి. వాట్సాపులో చదివి ఆస్పిరిన్ వేసుకోకండి. దిగాక కొద్ది వారాల్లో ఒక్క కాలే వాచి నొప్పి పెడితే ఆ రోజే చూపించుకోవాలి. దానికి తోడు ఆయాసమొస్తే అంబులెన్సే.

వీల్‌చైరుకు సిగ్గుపడకండి. టికెట్టుతో పాటే అడిగితే విమాన సంస్థలు ఏర్పాటు చేస్తాయి. భాష రానివాళ్ళకు అది ఒక తోడు కూడా. షుగరువాళ్ళు ఒక గడియారాన్ని మన టైములోనే ఉంచుకోండి. అమెరికా వెళ్ళేటప్పుడు రోజు సాగుతుంది, వచ్చేటప్పుడు కుంచించుకుపోతుంది. న్యూయార్కుకూ మనకూ ఎండాకాలం తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర గంటలు తేడా. ఇన్సులిన్ వేళ ఎలా మార్చుకోవాలో ఒక్కొక్కరికి ఒక్కో లెక్క, ముందే రాయించుకోండి. తిండి ట్రాలీ ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు కాబట్టి జేబులో బిస్కెట్లు ఉండాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. నా దగ్గర చాలా ఏళ్లుగా చూపించుకుంటున్న ఒక పెద్దాయన ఉన్నారు. ఊరు, పేరు వద్దు. భార్యతో కలిసి కూతురి దగ్గరకు వెళ్ళారు. వెళ్ళిన నెలరోజులకు ఒక మధ్యాహ్నం గుండెల్లో బరువుగా అనిపించింది. గ్యాసు అనుకున్నారు. మర్నాడు మళ్ళీ వచ్చింది, ఎడమ చేతికి పాకింది. భార్యకు చెప్పారు, కూతురికి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఎందుకు? అల్లుడికి ఉద్యోగం పోయే సూచనలున్నాయి, అక్కడ ఆసుపత్రిలో అడుగుపెడితే ఇల్లు అమ్ముకోవాలని ఎవరో చెప్పారు, ఇంకో రెండు నెలలు ఓర్చుకుంటే మన ఊరు వెళ్ళిపోవచ్చు. మూడో రోజు రాత్రి వంటింట్లో పడిపోయారు.

ప్రాణం దక్కింది. స్టెంట్లు వేశారు. కానీ మూడు రోజుల ఆలస్యానికి గుండె కండరం చాలావరకు దెబ్బతింది. వరండా దాటి వీధిలోకి నడిస్తే ఇప్పటికీ ఆయనకు ఆయాసం. ఇక ఏ ఖర్చుకు భయపడి దాచారో ఆ ఖర్చు ఏమైంది? వాళ్ళు బీమా తీసుకున్నారు. పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే డబ్బు చెల్లిస్తామనే షరతు అందులో ఉంది. కానీ లక్షణం మొదలైన 24 గంటల్లో వైద్యం చేయించుకుంటేనే అని ఆ షరతులోనే ఉంది. మొదటి రోజే వెళ్తే పాలసీ వర్తించేది. మూడో రోజున వెళ్ళారని కంపెనీ కాదంది. ఆయన ఆదా చేద్దామనుకున్నదే ఆ ఇంటి మీద పడింది.

ఈ కథ మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. అక్కడి వ్యవస్థ ఎలా నడుస్తుందో తెలియకపోవడం వల్ల వచ్చే భయం పోవాలని చెప్పాను. అమెరికాలో 1986 నుంచి ఒక చట్టం ఉంది. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని, డబ్బున్నా లేకపోయినా, ఏ దేశం వాడైనా, ముందు పరీక్ష చేయాలి, ప్రాణాపాయం ఉంటే నిలకడ పడేదాకా వైద్యం చేయాలి. అడ్వాన్సు కడితేగాని లోపలికి రానివ్వమనే పద్ధతి అక్కడి ఎమర్జెన్సీలో కుదరదు. బిల్లు తర్వాత వస్తుంది, పెద్దదే వస్తుంది, అబద్ధం చెప్పను. కానీ లాభాపేక్ష లేని ఆసుపత్రులకు ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలని కూడా అక్కడ చట్టం. దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, వాయిదాలు అడగవచ్చు, బిల్లు తగ్గించమని మాట్లాడవచ్చు. నేను చెప్పిన ఇంట్లో ఆ అమ్మాయి అదే చేసింది, బాగానే తగ్గించారు. గుండె కండరాన్ని వాయిదాల్లో తిరిగి తెచ్చుకోవడం మాత్రం కుదరదు.

బీమా గురించి నాలుగు ముక్కలు. విజిటరు వీసా మీద వెళ్ళేవాళ్ళకు అక్కడి ప్రభుత్వ మెడికేర్ రాదు. 65 దాటాయి కదా అంటే చెల్లదు. పాలసీలు రెండు రకాలు. ఒకటి ఒక్కో పనికి ఇంత అని ముందే గీత గీసి ఇచ్చేది, చవకగా ఉంటుంది, పెద్ద బిల్లుకు చాలదు. రెండోది మొదట కొంత మనం భరించాక మిగతాదాంట్లో ఎక్కువ భాగం భరించేది. ప్రీమియం తక్కువని మొదటిది కొనేవాళ్ళే ఎక్కువ. పాత జబ్బులకు సంబంధించిన షరతు, ఆ 24 గంటల మాట, 70 ఏళ్లు, 80 ఏళ్లు దాటితే తగ్గిపోయే మొత్తం, ఇవి కొనే ముందు చదవండి. కొడుకు కొన్నాడులే అని ఊరుకోకుండా ఆ కార్డు మీ పర్సులో ఉంచుకోండి. దరఖాస్తులో బీపీ, షుగరు లేవని రాయించే ఏజెంట్లు ఉన్నారు. క్లెయిము నాడు పాత రికార్డులు అడిగేది కంపెనీ, ఆ రోజున ఏజెంటు ఫోనెత్తడు.

పిల్లలు ఆఫీసులో ఉన్నప్పుడు మీరే ఫోను చేయాల్సి రావచ్చు. అమెరికాలో 911. ఇంగ్లండులో 999, ఆస్ట్రేలియాలో మూడు సున్నాలు, సింగపూరులో అంబులెన్సుకు 995, ఎమిరేట్సులో 998. ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. కంగారులో ఇంటి నంబరు గుర్తురాదు. ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అని ఒక్క మాట అనండి, ఆసుపత్రుల్లో ఫోను మీద దుబాసీని కలుపుతారు. జ్వరం, చిన్న దెబ్బ, మూత్రంలో మంట లాంటి వాటికి ఎమర్జెన్సీకి పరిగెత్తక్కర్లేదు, అర్జెంట్ కేర్ అని చిన్న క్లినిక్కులు ఉంటాయి, ఖర్చు చాలా తక్కువ. గుండెనొప్పి, మాట తడబడటం, మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, ఊపిరాడకపోవడం మాత్రం 911.

ఇంట్లో ప్రమాదాల గురించి ఎవరూ చెప్పరు. అక్కడి స్నానాల గదిలో తొట్టి ఉంటుంది. దాని అంచు మోకాలి ఎత్తు. మనకేమో చెంబుతో పోసుకునే అలవాటు. తడికాలితో ఆ అంచు దాటబోయి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నవాళ్ళను నలుగురిని చూశాను. లోపల రబ్బరు పట్టా, గోడకు పట్టుకునే కడ్డీ, ఈ రెండూ మీరు వెళ్ళకముందే పెట్టించమని పిల్లలకు చెప్పండి. చీరలు తీసుకురమ్మని కోడలు అడిగినంత ధైర్యంగా మనమూ అడగొచ్చు. తాళింపు వేయగానే పొగ అలారం మోగితే హడలిపోయి కుర్చీ ఎక్కి దాన్ని విప్పకండి, కిటికీ తెరవండి చాలు. వీధిలో బండ్లు కుడిపక్కన నడుస్తాయి కాబట్టి రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడాలి. అరవై ఏళ్లుగా ముందు కుడివైపు చూసిన మెడ అంత త్వరగా మాట వినదు. చలికాలం నేలమీద కంటికి కనిపించని మంచుపొర ఉంటుంది, ఆ రోజు వాకింగు ఇంట్లోనే.

పురిటికి వెళ్ళే అక్కయ్యలకు ఒక మాట. పసిబిడ్డను ఎత్తుకునే తాతా అమ్మమ్మలు కోరింత దగ్గు టీకా, ఫ్లూ టీకా వేయించుకోవాలని అక్కడి డాక్టర్లు అడుగుతారు. బిడ్డను ముట్టుకోవడానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి, ఇక్కడే వేయించుకోవచ్చు. మీ రాత్రి నిద్ర సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. అరవై ఐదేళ్ల మనిషి వారం రోజులు వరసగా రాత్రి జాగారం చేస్తే బీపీ మాత్ర ఒక్కటే ఏం చేయగలదు? మనుమణ్ణి చూసుకోవడం ఆనందమే, కానీ అది ఉద్యోగం కూడా. వారానికి ఒక రోజు సెలవు అడగండి. పగలంతా మాట్లాడే మనిషి లేక, కిటికీలోంచి రోడ్డు చూస్తూ కుంగిపోయేవాళ్ళూ ఉన్నారు. ఆకలి తగ్గి, నిద్ర పోయి, ఊరికే ఏడుపొస్తుంటే అది అలవాటు పడక అని కొట్టిపారేయకండి, పిల్లలకు చెప్పండి. చెప్పకపోవడమే మన తరం జబ్బు.

గల్ఫుకు వెళ్ళే తమ్ముళ్ళకు. గసగసాలు మనకు మసాలా దినుసు, ఎమిరేట్సులో, సౌదీలో నిషేధం. అమ్మ కట్టిచ్చిన మసాలా పొడిలో ఉన్నా చిక్కే. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు అక్కడ నియంత్రిత మందులు, ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే కేసు. పక్కింటివాళ్ళు తమ అబ్బాయికిమ్మని ఇచ్చిన పొట్లం విప్పి చూడకుండా సంచీలో వేయకండి. ఎండలో పని చేసేవాళ్ళకు ఎమిరేట్సులో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట పని నిషేధం, అది మీ హక్కు. పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషను క్లియరెన్సు అక్కర్లేదు, అది మన బడి చలవ. అయితే క్లియరెన్సు మీద వెళ్ళేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరిగా చేయిస్తారు, పది లక్షల ప్రమాద బీమా, రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. పదో తరగతి పాసైన మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయరు కాబట్టి, ఏదో ఒక బీమా మీరే చూసుకోవాలి.

ఆఫ్రికా దేశాలకు వెళ్ళేవాళ్ళు చాలాచోట్ల ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు, గుర్తింపు పొందిన కేంద్రంలోనే. హైదరాబాదు నారాయణగూడలోని ఐపీఎంలో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే ఆ సర్టిఫికెట్టు జీవితాంతం చెల్లుతుంది. వచ్చాక మూడు నెలలకైనా జ్వరమొస్తే, ఆఫ్రికా వెళ్ళొచ్చానని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. అక్కడి మలేరియా రెండు రోజుల్లో ప్రాణం తీయగలదు.

గంట కొట్టే టైమైంది, కార్యదర్శిగారు చూస్తున్నారు. నేను చెప్పిన ఆ ఒక్క కాగితానికి నమూనా రెండు వందల ప్రతులు వేయించి తెచ్చాను. రేపు ఉదయం ఎనిమిది నుంచి పదింటిదాకా మన పదో తరగతి బి సెక్షను గదిలో నేను, నా జూనియర్లు ఇద్దరు కూర్చుంటాం. ఎవరు వచ్చినా బీపీ చూసి, ఆ కాగితం నింపి, సంతకం పెట్టి ఇస్తాం. పరగడుపున రానక్కర్లేదు, టిఫిను తినే రండి. వాడుతున్న మందుల స్ట్రిప్పులు మాత్రం అన్నీ తెచ్చుకోండి, దిండు కింద దాచుకున్నవి కూడా.